బోర్డు మీద ఉన్న నంబరే వైఫై పాస్‌వర్డ్

ఫైబర్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు వైరు లాగి, గోడకి పెట్టె బిగించి, వెళ్లేముందు ఒక మాట అడుగుతాడు: "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు సార్? మీ ఫోన్ నంబరే పెట్టెయ్యనా?" పెట్టెయ్యమంటాం. గుర్తుంటుంది, చుట్టాలొస్తే చెప్పడం సులువు, ఎక్కడా రాసుకునే పని లేదు. ఆ నెట్‌వర్క్ ఎంత గట్టిదో ఆ జవాబుతోనే తేలిపోతుంది. పెట్టె ఏ కంపెనీది, దాని మీద వైఫై భద్రతా ప్రమాణం పాత డబ్ల్యూపీఏ2 అని ఉందా కొత్త డబ్ల్యూపీఏ3 అని ఉందా అన్నవి ఆ తరవాతి సంగతులు. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. పది పదిహేను మందికి మించి వాడే చోట అసలు ఒకే పాస్‌వర్డ్ పెట్టడమే తప్పు, అది ఎంత గట్టిదైనా సరే. ముందు ఇంటి సంగతి.

ఫోన్‌లో పాస్‌వర్డ్ కొట్టి కనెక్ట్ నొక్కితే అది గాల్లో రూటర్‌కి వెళ్తుందని చాలామంది అనుకుంటారు. వెళ్లదు. డబ్ల్యూపీఏ2లో ఫోనూ రూటరూ ఎవరి మటుకు వారు పాస్‌వర్డ్‌ని, నెట్‌వర్క్ పేరుని కలిపి ఒక లెక్కలో 4096 సార్లు తిప్పి 256 బిట్ల కీ తయారుచేసుకుంటాయి. ఆ తరవాత రెండిటి మధ్య నాలుగు సందేశాలు నడుస్తాయి. మొదటిదాంట్లో రూటర్ ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది. ఫోన్ తనూ ఒకటి ఎంచుకుని, రెండు సంఖ్యల్నీ, రెండు మ్యాక్ అడ్రసుల్నీ (అంటే ఆ పరికరాల గుర్తింపు సంఖ్యల్ని), ఆ 256 బిట్ల కీని కలిపి ఈసారికి మాత్రమే పనికొచ్చే కీ ఒకటి పుట్టిస్తుంది. రెండో సందేశంలో తన సంఖ్యని పంపుతూ, దానికి ఆ కొత్త కీతో వేసిన ముద్రని జతచేస్తుంది. రూటర్ అదే లెక్క తనూ చేసి చూస్తుంది. ముద్ర సరిపోతే ఈ ఫోన్‌కి పాస్‌వర్డ్ తెలుసన్నమాట. మూడోదాంట్లో రూటర్ కూడా తన ముద్ర వేసి తనకీ తెలుసని రుజువు చేసుకుంటుంది. నాలుగోది సరేననడం.

2004 నాటికి ఇది చక్కటి ఏర్పాటు. పాస్‌వర్డ్ ఎక్కడా బయటపడదు, ఇద్దరూ ఒకరికొకరు రుజువు ఇచ్చుకుంటారు. చిక్కల్లా ఏమిటంటే ఈ లెక్కలోకి వెళ్లేవన్నీ గాల్లో బహిరంగంగానే ఉంటాయి: రెండు సంఖ్యలు, రెండు అడ్రసులు, నెట్‌వర్క్ పేరు, చివరికి ముద్ర కూడా. తెలియనిది పాస్‌వర్డ్ ఒక్కటే. కింద బండి ఆపుకుని లాప్‌టాప్‌తో ఆ మొదటి రెండు సందేశాలు పట్టుకున్నవాడు ఇంటికెళ్లి తీరిగ్గా కూర్చుని ఒక్కో పాస్‌వర్డ్ ఊహించి, అదే లెక్క చేసి, ముద్ర కలిసిందా అని చూసుకోవచ్చు. మీ రూటర్‌కి ఈ సంగతే తెలియదు. బ్యాంకు యాప్‌లో మూడుసార్లు తప్పు కొడితే లాక్ అయినట్టు ఇక్కడ అయ్యేదేమీ లేదు, ఎందుకంటే ఆ ప్రయత్నాలు రూటర్ దగ్గర జరగడం లేదు.

ఆ 4096 సార్లు తిప్పడం పెట్టిందే ఊహించేవాణ్ణి ఆలస్యం చెయ్యడానికి. అప్పటి కంప్యూటర్లకి అది బరువే. ఇప్పుడు ఆటలాడుకునే కుర్రాళ్ల దగ్గరుండే గ్రాఫిక్స్ కార్డుల్లో పై తరగతివి సెకనుకి 10 లక్షలకి మించి ఊహలు పరీక్షిస్తాయి. లెక్క తేలిక కోసం 10 లక్షలే అనుకుందాం. మన దేశంలో మొబైల్ నంబరు 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవుతుంది, మిగతా తొమ్మిది అంకెలు ఏవైనా కావచ్చు. మొత్తం 400 కోట్లు. ఒక్క కార్డుతో అన్నీ తిరగేయడానికి 4000 సెకన్లు, అంటే గంటా ఏడు నిమిషాలు. ఎనిమిది అంకెల పాస్‌వర్డ్ అయితే 100 సెకన్లు. పుట్టినరోజుని రోజు, నెల, సంవత్సరంగా రాస్తే వందేళ్లకీ కలిపి 36,600 లోపే. అది లెక్కలోకే రాదు. పేరు పక్కన 123 తగిలించడం, చివర ఒక ఎట్ గుర్తు పెట్టడం లాంటి తెలివితేటలన్నీ ఊహించే ప్రోగ్రాముల్లో ముందే రాసిపెట్టి ఉంటాయి.

నిజానికి గంట కూడా అక్కర్లేదు. నెట్‌వర్క్ పేరు మందుల షాపు పేరే, షాపు ముందున్న ఫ్లెక్సీ మీద రెండు ఫోన్ నంబర్లు, గల్లాపెట్టె పక్కన అతికించిన క్యూఆర్ స్టిక్కరు కింద మూడోది. మూడు ఊహలు చాలు. అపార్ట్‌మెంట్‌లో అయితే నెట్‌వర్క్ పేరులోనే ఫ్లాట్ నంబరూ ఇంటిపేరూ పెట్టుకుంటారు, ఆ ఇంటివాళ్ల నంబరు సొసైటీ వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లందరికీ తెలుసు. దీన్ని పాస్‌వర్డ్ అనడం మర్యాద కోసం.

ఆ రెండు సందేశాలు పట్టుకోవడానికి కాచుకుని కూర్చోవాలా అంటే, అదీ పెద్ద కష్టం కాదు. పాత పద్ధతిలో 'నీ కనెక్షన్ తెగిపోయింది' అని ఫోన్‌కి చెప్పే ఫ్రేముకి, అంటే గాల్లో వెళ్లే ఆ చిన్న సందేశానికి, ఏ రక్షణా లేదు. రూటర్ పేరు మీద ఎవడైనా పంపొచ్చు. ఫోన్ తెగి, వెంటనే మళ్లీ ఎక్కుతుంది, సందేశాలు దొరుకుతాయి. సెట్టింగుల్లో పీఎంఎఫ్ అని కనిపించేది ఈ దొంగ ఫ్రేముల్ని ఆపడానికే. ఆన్ చేసుకోండి, మంచిదే. కానీ సాయంత్రం ఇంటికి రాగానే మీ ఫోన్ ఎలాగూ కనెక్ట్ అవుతుంది, అప్పటిదాకా ఆగే ఓపిక ఉన్నవాణ్ణి పీఎంఎఫ్ ఏమీ చెయ్యలేదు. 2018లో ఇంకో దారి బయటపడింది: కొన్ని రూటర్లు మొదటి సందేశంలోనే, ఊహల్ని సరిచూసుకోవడానికి సరిపోయే పీఎంకేఐడీ అనే విలువ పంపేస్తాయి. అప్పుడు ఏ ఫోనూ ఎక్కనక్కర్లేదు, రూటర్‌ని ఒకసారి పలకరిస్తే చాలు.

డబ్ల్యూపీఏ3 ఈ రోగానికే మందుగా 2018లో వచ్చింది. ఇందులో ఎస్ఏఈ అనే పద్ధతి ఉంటుంది. బయట విన్నదాన్ని ఇంటికి పట్టుకెళ్లి ఊహలు పరీక్షించడం కుదరదు. ఒక్కో ఊహకి రూటర్‌తో ఒక్కోసారి ముఖాముఖి లావాదేవీ జరగాలి. సెకనుకి లక్షలు పోయి, పదులూ వందల్లోకి వస్తుంది. పైగా తరవాతెప్పుడో పాస్‌వర్డ్ తెలిసిపోయినా, ఇదివరకు పట్టి దాచుకున్న ట్రాఫిక్ విప్పడం సాధ్యం కాదు. 2019లో ఇందులోనూ కొన్ని లోపాలు దొరికాయి, సరిచేశారు. అయినా డబ్ల్యూపీఏ2 కంటే మేలే, అందులో రెండో మాట లేదు.

అయితే మన ఇళ్లలో అది పూర్తిగా నడవదు. నాలుగైదేళ్ల కిందటి ప్రింటరు, 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలిసిన స్మార్ట్ ప్లగ్గు, సీసీ కెమెరా డబ్ల్యూపీఏ3 నెట్‌వర్క్‌లోకి ఎక్కవు. అందుకని రూటర్లు డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన మోడ్ ఇస్తాయి, అందరూ అదే పెడతారు. ఆ మోడ్‌లో పాస్‌వర్డ్ ఒకటే. మీ నెట్‌వర్క్ పేరే పెట్టుకుని డబ్ల్యూపీఏ2 మాత్రమే ఇచ్చే దొంగ రూటర్ ఒకటి నిలబెడితే, పాత ఫోన్ దానికి రెండో సందేశం పంపేస్తుంది. ఊహించడానికి అది చాలు. ఫోన్ నంబరే పాస్‌వర్డ్ అయితే, కలిసిన మోడ్‌లో నడిచే డబ్ల్యూపీఏ3 దాన్ని కాపాడలేదు. మంచి పాస్‌వర్డ్ ఉన్న డబ్ల్యూపీఏ2 ఇంటికి సరిపోతుంది. కాబట్టి డబ్ల్యూపీఏ3 కోసమే కొత్త రూటర్ కొనమని నేను ఎవరికీ చెప్పను.

మంచిదంటే ఎలాంటిది? చిన్నక్షరాలూ అంకెలూ కలిపిన ఎనిమిది, అసలు ఏ అర్థం లేకుండా ఎంచినా, పైన చెప్పిన కార్డుకి ముప్పై మూడు రోజుల పని. అదే పన్నెండు చిన్నక్షరాలు అయితే మూడువేల ఏళ్లు. పెద్దక్షరం, డాలర్ గుర్తు, ఆశ్చర్యార్థకం పెట్టమని పోరుపెట్టేవాళ్ల మాట వినకండి. టీవీ రిమోట్‌తో ఆ గుర్తులు వెతుక్కునేటప్పుడు తెలుస్తుంది ఆ బాధ. పొడవు పెంచడం ఒక్కటే చవకైన దారి. నేను చెప్పేది తెలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరాల్లో. మామూలుగా వాడే రెండువేల మాటల జాబితాలోంచి కళ్లు మూసుకుని ఐదు తీస్తే, దొంగ దగ్గర అదే జాబితా ఉన్నా వెయ్యేళ్లు పడుతుంది. నిచ్చెన, పెసలు, గొళ్లెం, తూము, జాతర. మధ్యలో అడ్డగీతలు. ఖాళీ వదిలితే కొన్ని పాత ప్రింటర్లు తికమకపడతాయి. పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండొచ్చు, మామూలు ఇంగ్లీషు కీబోర్డు గుర్తులే చెల్లుతాయి కాబట్టి తెలుగు లిపిలో పెట్టడం కుదరదు. ఒకే షరతు: మాటలు మీరు ఎంచకూడదు. మనసుకి వదిలేస్తే దేవుడి పేరు, హీరో పేరు, ఊరి పేరు, పిల్ల పేరు వస్తాయి. నిఘంటువు ఐదుచోట్ల గుడ్డిగా తెరవండి.

పాస్‌వర్డ్ మార్చడానికి కూర్చున్నరోజే మిగతావీ చూసేయండి. రూటర్ పేజీ చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1, లాగిన్ వివరాలు పెట్టె అడుగున స్టిక్కరు మీద ఉంటాయి. ఆ లాగిన్ పాస్‌వర్డ్ వేరు, వైఫై పాస్‌వర్డ్ వేరు. రెండూ మార్చాలి, ఒకటిగా పెట్టకూడదు. సెక్యూరిటీ అన్నచోట డబ్ల్యూపీఏ2, దాని గుప్తీకరణ పద్ధతిగా ఏఈఎస్ ఎంచండి. కొన్ని పెట్టెలు పాత డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2 కలిపి, టీకేఐపీ అనే పాత గుప్తీకరణ కూడా చేర్చి వస్తాయి. టీకేఐపీ 2003 నాటి తాత్కాలిక ఏర్పాటు. దాని మీద ఎక్కిన పరికరం 54 ఎంబీపీఎస్ దాటదు, ఎందుకంటే తరవాతి వేగాల ప్రమాణాలు టీకేఐపీతో పనిచెయ్యవు. 200 ఎంబీపీఎస్ ప్లాను తీసుకుని, రూటర్ పక్కనే కూర్చున్నా ఫోన్ వైఫై వివరాల్లో లింకు వేగం 54 దగ్గర ఆగిపోతే, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసేముందు ఈ గడి చూడండి.

పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాన్ని ఎక్కించే డబ్ల్యూపీఎస్ అనే సౌకర్యం ఆపేయండి, ఇందులో చర్చ లేదు. అందులో ఎనిమిది అంకెల పిన్ ఉంటుంది. ఎనిమిదోది సరిచూసుకునే అంకె. మిగతా ఏడులో మొదటి నాలుగూ, తరవాతి మూడూ విడివిడిగా సరిచూస్తుంది కాబట్టి కోటి ప్రయత్నాలు కావలసినచోట 11,000తో పని అయిపోతుంది. 2011లో బయటపడిన సంగతి ఇది. నిచ్చెన-పెసలు పెట్టుకుని డబ్ల్యూపీఎస్ వదిలేస్తే, ఆ పిన్ దొరికినవాడికి రూటరే పాస్‌వర్డ్ చెప్పేస్తుంది.

నెట్‌వర్క్ పేరు దాచడం, మ్యాక్ ఫిల్టరు: ఈ రెండూ యూట్యూబ్ సలహాల్లో తప్పకుండా ఉంటాయి, రెండూ దండగ. పేరు దాస్తే మీ ఫోనే వెళ్లిన ప్రతిచోటా ఆ పేరు పెట్టి 'ఉన్నావా' అని పిలుస్తూ తిరుగుతుంది. మ్యాక్ అడ్రసు ప్రతి ఫ్రేము మీదా బాహాటంగా ఉంటుంది, చూసినవాడు తన లాప్‌టాప్‌కి అదే పెట్టుకోగలడు. పైపెచ్చు ఇప్పటి ఫోన్లు నెట్‌వర్క్‌కి ఒక్కో యాదృచ్ఛిక మ్యాక్ వాడతాయి కాబట్టి, నెట్‌వర్క్‌ని ఒకసారి మరిచిపోయి మళ్లీ కలిపేటప్పటికి కొన్ని ఫోన్లలో అది మారిపోయి, ఇబ్బంది పడేది ఇంట్లోవాళ్లే.

పాస్‌వర్డ్ దొరికితే మాత్రం ఏం పోతుంది, బ్యాంకు యాప్‌కి దాని రక్షణ దానికుంది కదా అంటారు. నిజమే, హెచ్‌టీటీపీఎస్ అనే గుప్తీకరణ ఉన్న సైట్లూ యాప్‌ల లోపలి విషయం కనిపించదు. పోయేవి వేరే: రూటర్ లాగిన్ పేజీ, కొన్ననాటి పాస్‌వర్డే మార్చని డీవీఆర్ (సీసీ కెమెరాల రికార్డింగు పెట్టె), ప్రింటరు, ఎవరూ కాపలా లేని షేర్డ్ ఫోల్డరు. ఇంకొకటి పోలీసు వ్యవహారం. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకి కాస్త ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ జాడ నవీ ముంబైలో పాస్‌వర్డ్ లేని ఒక ఇంటి వైఫై దగ్గర తేలింది. కనెక్షన్ ఎవరి పేరున ఉంటే ముందు వాళ్లనే అడుగుతారు. ఆ మరుసటి ఏడు టెలికాం శాఖ వైఫైని తెరిచి వదలొద్దని ఆదేశాలిచ్చింది.

ఇప్పుడు పదిహేను మంది దాటిన చోటు. అమీర్‌పేట వైపు హాస్టళ్లలో ప్రతి అంతస్తులోనూ పాస్‌వర్డ్ గోడ మీద ప్రింటు తీసి అతికించి ఉంటుంది. డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్ తెలిసినవాడు పక్కగదివాడి నాలుగు సందేశాలూ పట్టుకుంటే చాలు, వాడి ఆ సెషన్ కీని తనే లెక్కగట్టుకోగలడు. అంటే ఆ పాస్‌వర్డ్ బయటివాణ్ణి ఆపుతుందేమో గానీ, లోపలున్న ఎనభై మందిని ఒకరినుంచి ఒకరిని కాపాడదు. ఖాళీ చేసి వెళ్లినవాడి దగ్గరా అదే ఉంటుంది. వాడొక్కడి కోసం మార్చాలంటే ఎనభై ఫోన్లూ మళ్లీ ఎక్కించాలి, కాబట్టి ఎవరూ మార్చరు. ఫోన్‌లో చూపించే వైఫై క్యూఆర్ గురించి కూడా ఒక మాట: అందులో పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. దాని ఫోటో గ్రూపులో పెట్టడమంటే పాస్‌వర్డ్ టైపు చేసి పెట్టడమే.

దీనికి సరైన జవాబు పాతదే: 802.1ఎక్స్. ఆఫీసు సెట్టింగుల్లో ఎంటర్‌ప్రైజ్ అని కనిపించేది. ఒక్కొక్కరికీ వేరే యూజర్ పేరు ఉంటుంది. యాక్సెస్ పాయింటు, అంటే వైఫై ఇచ్చే పెట్టె, తనంతట తాను ఏమీ తేల్చదు, ఎవర్ని రానివ్వాలో చెప్పే రేడియస్ సర్వర్‌ని వెనక అడుగుతుంది. సర్వర్ సరేనంటే ఆ మనిషికి మాత్రమే చెందిన కీ పుడుతుంది. ఒకరు మానేస్తే ఒక ఖాతా మూసేస్తే సరి. ఉచితంగా దొరికే ఫ్రీరేడియస్ అనే సర్వర్ ప్రోగ్రాము ఒక మామూలు పాత కంప్యూటర్ మీద కాలేజీ మొత్తాన్ని మోస్తుంది. అమెరికాకో జర్మనీకో చదువుకి వెళ్లిన మన పిల్లలు మొదటిరోజే ఎక్కే ఎడ్యురోమ్, అంటే యూనివర్సిటీల ఉమ్మడి వైఫై, ఇదే; ఇక్కడ దాన్ని ఎర్నెట్ ఇండియా అనే సంస్థ నడుపుతోంది.

పెట్టినవాళ్లు కూడా ఒకచోట తప్పకుండా తప్పటడుగు వేస్తారు. కాలేజీ ఇచ్చే సూచనల కాగితంలో ఇలా ఉంటుంది: ఈఏపీ పద్ధతి పీప్, ఫేజ్ 2 ఎంఎస్‌చాప్‌వీ2, సీఏ సర్టిఫికెట్ 'చెక్ చెయ్యొద్దు'. పీప్ అంటే ముందు సర్వర్‌తో గుప్తమైన సొరంగం కట్టడం, ఎంఎస్‌చాప్‌వీ2 ఆ లోపల పాస్‌వర్డ్ తెలుసని రుజువిచ్చే పద్ధతి, సీఏ సర్టిఫికెట్ అవతలున్నది నిజమైన సర్వరేనా అని చూసుకునే ఆధారం. ఆ మూడో గడితో అంతా పోయింది. సర్టిఫికెట్ చూడకపోతే ఫోన్ అదే పేరున్న ఏ దొంగ యాక్సెస్ పాయింటుకైనా సొరంగం కట్టి, లోపల తన జవాబు అప్పగించేస్తుంది. ఎంఎస్‌చాప్‌వీ2 జవాబుని డెస్ అనే పాత గుప్తీకరణ తాలూకు ఒక్క 56 బిట్ల కీ స్థాయికి దించి ఒక రోజులో విప్పొచ్చని 2012లోనే చూపించారు. సాధారణంగా అదే పాస్‌వర్డ్‌తో కాలేజీ మెయిలూ, మార్కుల పోర్టలూ తెరుచుకుంటాయి కాబట్టి నష్టం వైఫైతో ఆగదు. గోడ మీద అతికించిన పాస్‌వర్డే దీనికంటే నయం. దాంతో పోయేది వైఫై ఒక్కటే.

సరిగ్గా పెట్టాలంటే సీఏ సర్టిఫికెట్ గడిలో సంస్థ ఇచ్చింది గానీ సిస్టమ్ సర్టిఫికెట్లు గానీ ఎంచాలి, డొమైన్ గడిలో సర్వర్ సర్టిఫికెట్ మీదున్న పేరు అచ్చంగా రాయాలి. డొమైన్ ఖాళీగా వదిలి సిస్టమ్ సర్టిఫికెట్లు మాత్రమే పెడితే, ఎవరి పేరు మీద కొన్న సర్టిఫికెట్ అయినా చెల్లిపోతుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి గూగుల్ ఆ 'చెక్ చెయ్యొద్దు' తీసేయడం మొదలుపెట్టింది. అప్పుడు చాలా సంస్థల్లో కొత్త ఫోన్లు ఎక్కక గోల అయింది. తప్పు ఫోన్‌ది కాదు. వీలైతే యూజర్ పాస్‌వర్డ్‌లే లేకుండా ఒక్కో పరికరానికి సర్టిఫికెట్ ఇచ్చే ఈఏపీ-టీఎల్ఎస్‌కి వెళ్లండి. దాని బాధ దానికుంది: సర్వర్ సర్టిఫికెట్ గడువు ఒక అర్ధరాత్రి ముగిస్తే పొద్దున్నే క్యాంపస్ అంతా బయట. గడువుకి నెల ముందు ఇద్దరు మనుషుల క్యాలెండర్లలో రాసిపెట్టండి, ఒకరు సెలవులో ఉంటారు. ఒక్క ఫోన్ మాత్రమే ఎక్కకపోతే దాని తేదీ చూడండి. గడియారం వెనక్కి పోయిన ఫోన్‌కి సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రానట్టు కనిపిస్తుంది.

హాస్టలుకి రేడియస్ ఎక్కువనిపిస్తే మధ్యేమార్గం ఉంది. కొన్ని యాక్సెస్ పాయింట్లు ఒకే నెట్‌వర్క్ పేరు మీద గదికో మనిషికో వేరే పాస్‌వర్డ్ ఇస్తాయి, పీపీఎస్‌కే అంటారు. ఎక్కువగా డబ్ల్యూపీఏ2 మీదే నడుస్తుంది, అయినా గోడ మీది కాగితం కంటే ఎంతో మేలు. ఓటీపీ పేజీ పెట్టి సరిపెట్టుకుందామంటే మాత్రం ఒప్పుకోను. రైల్వే స్టేషన్లో వచ్చే ఆ పేజీ మీరెవరో నెట్‌వర్క్‌కి చెబుతుంది, ఆ నెట్‌వర్క్ ఎవరిదో మీకు చెప్పదు. గాల్లో గుప్తీకరణ కూడా ఏమీ చెయ్యదు.

మళ్లీ ఇంటికి వస్తే, మార్చే రోజున లాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో పెట్టెకి కలిపి చెయ్యండి. వైఫై మీద ఉండి మారిస్తే సేవ్ నొక్కగానే మీరే తెగిపోతారు. ముందు ఫోన్లు, తరవాత టీవీ. కెమెరాలూ ప్లగ్గుల్ని రూటర్ విడిగా ఇచ్చే గెస్ట్ నెట్‌వర్క్ మీదకి తోసేయండి, దానికి మరో ఐదు మాటలు. గెస్ట్‌లో ఉన్న పరికరాలకీ ప్రధాన నెట్‌వర్క్‌కీ సాధారణంగా సంబంధం ఉండదు కాబట్టి టీవీని అక్కడ పెడితే ఫోన్ నుంచి కాస్ట్ అవ్వదు, దాన్ని ప్రధాన నెట్‌వర్క్‌లోనే ఉంచాలి. పాత పేరూ పాత పాస్‌వర్డూ గెస్ట్‌కి ఇచ్చేస్తే ప్లగ్గులు వాటంతటవే ఎక్కుతాయని కొందరు సలహా ఇస్తారు. ఎక్కుతాయి, ఆ నంబరు తెలిసిన పక్కింటివాళ్లూ ఎక్కుతారు. ఎప్పుడైనా నెట్ రాక టెక్నీషియన్ వచ్చి సన్నటి పిన్నుతో పెట్టెని రీసెట్ చేస్తే, అతను వెళ్లాక డబ్ల్యూపీఎస్, టీకేఐపీ, లాగిన్ పాస్‌వర్డ్ మూడూ ఇంకోసారి చూసుకోండి. రీసెట్‌తో అవి ఫ్యాక్టరీలో పెట్టినట్టుకే తిరిగి పోతాయి, వైఫై పాస్‌వర్డ్‌గా ఏం పెట్టాలో అతను మళ్లీ అడుగుతాడు.